తొమ్మిదింటికి ముడుచుకునే పువ్వు

“పువ్వే కదేటి, మధ్యాన్నం ఎల్లి సూసుకో,” అన్నాడు శ్రీరామ్మూర్తి చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

గౌరీశ్వరి వంకాయకూర దించి, కేరేజీ పైగిన్నెలో సర్దుతోంది. ఆ ఒక్క మాట అడగడానికి ఆవిడ నాలుగు రోజులు కూడబలుక్కుంది. కూర తాలింపులో ఉన్నప్పుడు అడిగితే విసుక్కుంటాడు, పేపరు చదువుతున్నప్పుడు అడిగితే వినపడదు, బస్సు టైము దగ్గరపడ్డాక అడిగితే అరుస్తాడు. ఇవన్నీ చూసుకుని, కాఫీ తాగిన తరవాత, చొక్కా తొడుక్కునే ముందు అడిగింది. ఒక్క పొద్దున్న కావాలండీ, అయిదింటికి వెళ్ళి తొమ్మిదిన్నరకి వచ్చేస్తాను, కొండమీద ఒక పువ్వు రంగు చూడాలి అని. ఏ పువ్వని అతను అడగలేదు. ఎందుకు చూడాలనీ అడగలేదు. మధ్యాహ్నం చూసుకోమని సలహా ఇచ్చి, కేరేజీ పట్టుకుని పోర్టుకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం చూడటానికి అది ఉంటే కదా!

ఆ మొక్క సంగతి చెప్పాలి. గౌరీశ్వరి ఊళ్ళో ఒక ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం డిమాన్‌స్ట్రేటరు. ఆరేళ్ళుగా టెంపరరీ. ఏటా జూన్‌లో కొత్త కాగితం ఇస్తారు, ఏటా ఏప్రిల్‌లో ఆ కాగితం చచ్చిపోతుంది. డిపార్టుమెంటు పెద్ద భీమశంకరరావుగారు విశాఖపట్నం చుట్టుపక్కల అడవిమొక్కలన్నిటికీ జాబితా కడుతున్నారు. కడుతున్నది ఆయన, కొండలెక్కుతున్నది ఈవిడ. కాలేజీ వ్యాను ప్రిన్సిపాలుగారి పనులన్నీ అయ్యాక, ఒంటిగంట దాటాక గాని దొరకదు. అంచేత ఆ డిపార్టుమెంటు మొక్కల్ని ఎప్పుడూ మధ్యాహ్నమే చూసింది. అలా సెప్టెంబరు నెలాఖర్లో గోపాలపట్నం వెనక కొండమీద, రాతిపలకల సందుల్లో, జానెడెత్తు మొక్క ఒకటి గౌరీశ్వరి కంటబడింది. ఆకులు గడ్డిలా సన్నం. చివర రెండు మొగ్గలు పిడికిలి బిగించినట్టు ముడుచుకుని ఉన్నాయి. వానలకి మొలిచి, చలి రాకుండానే గింజ రాల్చి చచ్చిపోయే ఏడాది మొక్క. వేరుతో సహా తవ్వి, పాత పేపర్ల మధ్య పెట్టి, నోటుపుస్తకంలో రంగు గడి దగ్గర ‘ముడుచుకుని ఉంది. తెలియదు’ అని రాసింది.

నాలుగోరోజు పేపర్లు మారుస్తుంటే మొగ్గలో రేకులు కాస్త విడి ఉల్లిపొరలా కనిపించాయి. భీమశంకరరావుగారు అద్దం పెట్టి చూసి, ‘తెలియదు’ మీద గీత కొట్టి, పక్కన ‘తెలుపు’ అని రాశారు. ఆ జాతిలో తెల్లపువ్వు ఇటువైపు ఎవరూ చూసినట్టు ఏ పుస్తకంలోనూ లేదట. ఆయన మొహం వెలిగిపోయింది. మద్రాసు పత్రికకి పంపడానికి అప్పటికప్పుడే వ్యాసం టైపు చేయించారు. చివర్లో ఒక వాక్యం ఉంది: ‘మొక్కను ఎత్తడంలో సాయపడిన శ్రీమతి శ్రీరామ్మూర్తికి కృతజ్ఞతలు.’

గౌరీశ్వరి ఆ వాక్యం రెండుసార్లు చదివింది. కొండెక్కింది శ్రీమతి శ్రీరామ్మూర్తి అన్నమాట. ఆ మాట శ్రీరామ్మూర్తికి తెలిస్తే బావుండును, తనకి కాళ్ళు నెప్పులు రాకుండానే కొండెక్కేసినందుకు సంతోషిస్తాడు అనుకుంది.

ల్యాబులో గాజుగ్లాసులు కడుగుతున్న ఆయా దేముడమ్మ ఆ కాగితం మీది ఎండుమొక్కని తొంగిచూసింది. ఆవిడ ఇల్లు ఆ కొండ కిందే. పుల్లలకి ఆ కొండే ఎక్కుతుంది.

“ఇదా! ఇది తెలుపేటమ్మా? నీలంగుంటాది. నానెన్నిమాట్లు సూళ్ళేదు! పొద్దుపొడిసినాక ఇచ్చుకుంటాది. ఎండెక్కితే ముడిసేస్తాది.”

“దేముడమ్మా, నువ్వు గ్లాసులు కడుగు,” అన్నారు భీమశంకరరావుగారు.

ఆవిడ గ్లాసులు కడిగింది. గౌరీశ్వరికి మాత్రం ఆ రోజు నుంచీ స్థిమితం పోయింది. అన్నం వారుస్తుంటే నీలం, బట్టలు పిండుతుంటే తెలుపు. పోర్టులో ఇనప రాయి దుమ్ముకి శ్రీరామ్మూర్తి తెల్లచొక్కాలు ఎర్రమట్టి రంగులో ఇంటికొస్తాయి, వాటిని ఉతికి నీలిమందు నీళ్ళలో జాడించాలి. ఆ బకెట్టు ముందు కూచుని చెయ్యి అందులోనే ఉంచి ఆలోచిస్తూ ఉండిపోయింది ఒకసారి. అత్తగారు వరహాలమ్మ గుమ్మంలోంచి, “ఏటలా సూస్తన్నావు, బకెట్లో ఏటైనా పడిందా?” అని కేకేసింది.

ఏ రంగైతే ఏమిటి? లోకం మునిగిపోతుందా? ఆవిడ తనని తానే అడుగుతూ వచ్చింది. ఎంతడిగినా, ఒకటే జవాబు. ఆ పెద్దాయన చూడకుండా రాశాడు. తను తెలియదని రాసిన చోట, తెలుసన్నట్టు ఆయన రాశాడు. అది ఈ మొక్కకే జరిగిందా? కిందటేడు జనాభా లెక్కలాయన ఇంటికొచ్చి, ఆమె ఏం చేస్తారండీ అని అడిగితే, లోపల బియ్యం కడుగుతున్న తనని పిలవకుండానే శ్రీరామ్మూర్తి, “ఏటీ సెయ్యదండి, ఊసుపోక కాలేజీకెల్తాది,” అని చెప్పాడు. ఆయన ‘ఇంటిపని’ అని రాసుకుని వెళ్ళాడు. పెళ్ళిచూపుల్లో వంట వచ్చా అని అడిగితే, పుల్ల వెలిగించడం కూడా రాని తన గురించి నాన్న, “అన్నీ వొచ్చండి,” అన్నాడు. బారసాలకి పిల్లకి తాయారని పేరు పెడుతూ, ‘తల్లికీ ఇదే ఇష్టం’ అని అత్తగారు పదిమందిలో చెప్పింది. తల్లి నోరు విప్పిందా? ఎవరూ అబద్ధమాడలేదు. వాళ్ళంతా గడి ఖాళీగా ఉండకూడదని నింపేశారు, అంతే. గౌరీశ్వరి ముప్ఫైరెండేళ్ళ బతుకులో తను స్వయంగా నింపిన గడి ఒకటుంది, అందులో నిజాయితీగా తెలియదని రాసుకుంది. దాన్నీ కొట్టేశారు. అదీ ఆవిడ బాధ.

మరి తెల్లారి వెళ్ళి చూసి రావచ్చు కదా అంటే, పొద్దున్నలు ఆవిడవి కావు. నాలుగున్నరకి కొళాయి వస్తుంది, అయిదున్నరకి పోతుంది. ఆ గంటలో తొట్టి నిండాలి, గాబు నిండాలి. అత్తగారికి కాఫీ, ఆ తరవాత ఆవిడ బీపీ మాత్ర, మాత్ర తరవాత ఇడ్లీ, ఇడ్లీ వేడిగా లేకపోతే మళ్ళీ పొయ్యిమీదికి. ఏడుంబావుకి శ్రీరామ్మూర్తి బస్సు, ఏడుకి కేరేజీ. తాయారుకి రెండు జడలు, రిబ్బన్లు, నిన్న రాయని హోంవర్కు. ఎనిమిదిన్నరకి పిల్ల బడికి, తొమ్మిదికి అంట్లు, తొమ్మిదింబావుకి తను బస్సెక్కాలి. ఆ బస్సులో నిలబడి మొదటిసారి ఆకాశం చూస్తుంది. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. అయిదింటికీ తొమ్మిదింటికీ మధ్య బయట ఎండ ఎలా ఉంటుందో ఆవిడకి తెలీదంటే నమ్మండి. వంటింటి కిటికీ తీస్తే పక్కవాళ్ళ గోడ.

మంగళవారం వ్యాసం పోస్టు చేస్తారు. ఇంకో వారం పదిరోజులు పోతే మొక్క ఎండిపోతుంది, మళ్ళీ ఏడాది దాకా చూద్దామన్నా ఉండదు. ఇక మిగిలింది ఒక్క ఆదివారం. శనివారం సాయంత్రం మళ్ళీ అడిగింది.

“ఆదోరం ఒక్కరోజు నాను ఇంటికాడ ఉంటాను. ఆ రోజే నీకు కొండలు గావాలా?” అన్నాడు శ్రీరామ్మూర్తి. అతను చెడ్డవాడేం కాదు. చెయ్యెత్తడు, తాగడు. వీధిలో అందరూ గౌరీశ్వరిది అదృష్టమంటారు. “మాంసం తెచ్చి పెడతాను, ఏటంటావు?”

“ఒక్క పొద్దున్నేనండి.”

“ఓలమ్మ, ఇదేటి సోద్దెమే!” అంది వరహాలమ్మ. “పువ్వు నీలంగుంటే ఏటి, తెల్లగుంటే ఏటి? తల్లో పెట్టుకుంటావా, దేవుడికెడతావా? పిల్లకి తలంటు ఎవులు పోత్తారు? నా కాళ్ళకి ఆముదం ఎవులు రాస్తారు?”

గౌరీశ్వరి లేచి వెళ్ళి ఆముదం సీసా తెచ్చింది. ఊరుకుంది కదా అని వాళ్ళు ఒప్పుకుందనుకున్నారు.

ఆదివారం అయిదుకి తొట్టి నింపి, పాలు కాచి, జోళ్ళు వేసుకుంది. వరహాలమ్మ మంచంమీంచి లేచి కూర్చుంది. “ఎక్కడికే?”

“కొండమీదికి, అత్తయ్యా. పాలు గిన్నెలో ఉన్నాయి.”

“మరి కాఫీ?”

“పొడి డబ్బాలో ఉంది.”

ఇంతేనా, ఇంతేనండి. తొమ్మిదేళ్ళుగా ఆ రెండు మాటలు ఇంత తేలికని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. కానీ వీధి మలుపు తిరిగేదాకా ఎవరో వెనక్కి పిలుస్తున్నట్టే ఉంది.

కొండ కింద, ముందే చెప్పుకున్నట్టు, దేముడమ్మ తాడూ కొడవలీ పట్టుకుని ఎదురుచూస్తోంది. ఇద్దరూ ఎక్కారు. మంచు పట్టి రాళ్ళు జారుతున్నాయి. మొక్కలున్న చోటికి చేరేసరికి అన్నీ ఉన్నాయి, ఒక్కటీ విచ్చలేదు. పాతిక ముప్ఫై మొక్కలు, కొన్నిటికి అప్పుడే ఆకుల కొసలు పసుపెక్కాయి. గౌరీశ్వరి వంగి మొగ్గలు ఒక్కొక్కటే చూసింది. అయిపోయిందేమో. ఇంతా చేసి, ఇల్లు వదిలి వచ్చి, అయిపోయిందేమో.

“కంగారు పడకమ్మా. పొద్దు ఇటు తిరగనీ,” అంది దేముడమ్మ, చతికిలబడుతూ.

ఆరుంబావుకి ఎండ ఆ పలక మీదికి వచ్చింది. మొదట ఒక మొగ్గ కొస వదులైంది. చూస్తూ ఉండగానే పక్కది. పది నిమిషాల్లో ఆ రాతిపలక సందులన్నీ నీలం. గౌరీశ్వరి అంత నీలం ఎప్పుడూ చూడలేదు. నీలిమందు చిక్కగా కలిపిన నీళ్ళ రంగు, ఇంకా దానికంటె లోతు. మూడే రేకులు, మధ్యన పసుపు చుక్కలు. ఒక్క పువ్వులోనూ తెలుపన్నది లేదు.

“నీలమే,” అంది పైకి.

“సెప్పినాను కదేటి,” అంది దేముడమ్మ. ఆవిడకి ఇందులో వింతేం కనపడలేదు.

గౌరీశ్వరి నోటుపుస్తకం తీసింది. తాయారు రంగులపెట్టె వెంట తెచ్చుకుంది. నీలంలో నీలం కలిపి, రేకు పక్కన పెట్టి చూసుకుని, చాలక మళ్ళీ కలిపి, కాగితం మీద ఒక చుక్క అద్దింది. చూడాల్సింది చూసింది కాబట్టి లేచి వెళ్ళిపోవచ్చు. లేచింది కూడా. ఇప్పుడు బయల్దేరితే ఏడున్నరకి ఇల్లు, తలంటు అందుతుంది. కానీ ఎప్పుడు ముడుచుకుంటుందో చూడకుండా రాయడమెలా? మళ్ళీ కూర్చుంది. కూర్చుంటే చేతులు ఊరుకోవు. కొంగు మడిచింది, విప్పింది, గడ్డిపరక పీకింది. ఏడయ్యేసరికి చెవుల్లో కేరేజీ మూత చప్పుడు వినబడింది. మాంసం తెచ్చి ఉంటాడు, ఈగలు వాలుతుంటాయి. పిల్ల చిక్కుజుట్టుతో ఏడుస్తుంటుంది. రెండోసారి లేచింది. దేముడమ్మ పుల్లలు విరుస్తూ తలెత్తి, “కూకోమ్మా. ఎవులూ సచ్చిపోరు,” అంది.

ఎనిమిదిన్నరకి రేకుల అంచులు లోపలికి మెలిక తిరిగాయి. తొమ్మిదింటికి కొండమీద ఒక్క పువ్వు లేదు. మళ్ళీ పిడికిళ్ళు. ఇప్పుడెవరొచ్చి చూసినా గడ్డి అనుకుంటారు.

ఆరుంబావు, తొమ్మిది. పుస్తకంలో ఆ రెండు అంకెలూ రాసి చూసుకుంది గౌరీశ్వరి. తను పొయ్యి ముందు నిలబడే వేళలు అవి. ఈ మొక్కకి ఉన్న పువ్వు బతుకంతా తన వంటింట్లో గడిచిపోతోంది. ఇది ఏటా పూసింది. పెళ్ళికి ముందూ పూసింది, తాయారు కడుపులో ఉన్నప్పుడూ పూసింది, ఇంటికి నడిచొచ్చేంత దూరంలో. తనకి తెలియకుండా ఇంకేమేం పూసి ముడుచుకున్నాయో! ఆవిడకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, శుభ్రమైన కోపం, కడుపులోంచి. ఎవరిమీదో వెతుక్కోనక్కర్లేకుండా కాసేపు దాన్ని అలాగే ఉండనిచ్చింది. తరవాత రెండు మొక్కలు వేళ్ళతో తవ్వి పేపర్లలో పెట్టింది.

ఇంటికొచ్చేసరికి పదిన్నర. తాయారు తనంతట తనే జడలు వేసుకుంది, ఒకటి చెవి మీదికి, ఒకటి మెడ మీదికి. మాంసం గిన్నె మీద శ్రీరామ్మూర్తి పళ్ళెం మూతపెట్టాడు, తొమ్మిదేళ్ళలో అతను వంటింట్లో చేసిన పని అదొక్కటే. వరహాలమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

“తెలిసిందా, ఏ రంగు?” అన్నాడు శ్రీరామ్మూర్తి పేపరు దించకుండా.

“నీలం.”

“సరే, అయిపోయింది కదా. బేగి వంట కానీ.”

గౌరీశ్వరి ముందు మొక్కల్ని అట్టల మధ్య సర్ది, పైన సన్నికల్లు ఎత్తి పెట్టింది. తరవాత పొయ్యి వెలిగించింది. మసాలా ఎలా నూరుతావని ఎవరైనా అడుగుతారేమో అనుకుంది, అడగలేదు. రాయి మొక్కల మీద ఉంది కాబట్టి ఆ రోజు కూరలో మసాలా లేదు.

సోమవారం ల్యాబులో, ఇంకా పచ్చి ఆరని కాగితాలు విప్పి భీమశంకరరావుగారి ముందు పెట్టింది. రంగు అద్దిన పేజీ పక్కన పెట్టింది. “నీలమే సార్. అక్కడున్న మొక్కలన్నీ నీలమే.”

ఆయన చాలాసేపు చూశారు. నీలమైతే అది పుస్తకాలన్నిటిలోనూ ఉన్న మామూలు మొక్క. వ్యాసం లేదు, కొత్త కబురు లేదు. “నువ్వు చూసినవి నీలం అయ్యుండొచ్చమ్మా. మనం ఎత్తింది తెలుపు అయ్యుండొచ్చు.”

“దాన్ని విచ్చుకుని ఉండగా ఎవరూ చూడలేదు కదండీ. మీరూ చూడలేదు, నేనూ చూడలేదు.”

“రేపు పోస్టు చేస్తున్నాను. తెలుపు అనే ఉంటుంది.” కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “నీ పర్మనెంటు కాగితం కూడా నా బల్ల మీదే ఉంది. జ్ఞాపకం ఉందా?”

“ఉందండి.”

ఉంది. ఆరేళ్ళుగా ఆవిడ నిద్రలేచేది ఆ కాగితంతోనే. స్టూలు మీద కూర్చుంది. ఆయన మెత్తబడిందనుకుని, ఒక కొత్త లేబులు ముందుకు తోశారు. “ఇవీ పడేయొద్దు. పదకొండువందల నలభైనాలుగు వేసి బీరువాలో పెట్టు.”

మొక్కలు ఎత్తేవాళ్ళలో ఒక పద్ధతుంది. ఎవరెత్తిన మొక్కకి వాళ్ళ పేరు, వాళ్ళ పేరు మీద నడిచే అంకె. మొదటి మొక్కకి వేసిన ఒకటి నుంచి, కాళ్ళు ఆడినన్నాళ్ళూ ఆ వరస తెగదు. పదకొండువందల నలభైమూడు దాకా వచ్చింది భీమశంకరరావుగారి వరస. అందులో ఆరువందల పైచిలుకు మొక్కలకి ఈవిడ గోళ్ళలో మట్టి ఉంది.

గౌరీశ్వరి కలం తీసింది. పువ్వు రంగు: నీలం. విచ్చింది ఆరుంబావు, ముడుచుకుంది తొమ్మిది. చూసినవారు: గౌరీశ్వరి, దేముడమ్మ. సేకరించినవారు: పి. గౌరీశ్వరి. సంఖ్య దగ్గర ఆగింది. పైన రాసిన తన పేరు ఒకసారి చదువుకుంది. ‘1’ అని వేసింది. ఒకే చోట ఒకే పూట ఎత్తిన జంట కాబట్టి రెండో మొక్కకీ అదే అంకె రాసి, దాన్ని విడిగా అట్టలో చుట్టింది.

“ఇది మద్రాసు పంపుతానండి, మీ వ్యాసం వెళ్ళే చోటికే. అక్కడివాళ్ళు రెండూ చూసుకుంటారు.”

భీమశంకరరావుగారు లేబులు తీసి చదివారు. అంకె దగ్గర కళ్ళు ఆగాయి. గట్టిగా నవ్వారు. గ్లాసులు తుడుస్తున్న దేముడమ్మ చెయ్యి ఆపింది.

“ఒకటి! బావుందమ్మా. మొగుడూ, అత్తా, పిల్లా, కేరేజీలూ. ఇవన్నీ పెట్టుకుని మరి రెండోది ఎప్పుడు తెస్తావు?”

“రేపు పొద్దున్నే తెస్తానండి,” అంది గౌరీశ్వరి.